ఎలుకలూ, గేదెలూ, మా తమ్ముడూ

మూడో సంవత్సరం అయిపోయాక వేసవిలో మా బయోటెక్ క్లాసులో సగం మంది కోడింగ్ ఇంటర్న్‌షిప్‌లంటూ బెంగళూరు వెళ్లారు. నేను హైదరాబాద్‌లో ఎలుకల దగ్గరికి వెళ్లాను. హాస్టల్లో ఇప్పటికీ నన్ను 'ఎలుకల డాక్టర్' అనే పిలుస్తారు. ఆ పేరు వెనక ఉన్న కథ మొత్తం నా రూమ్మేట్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఈ సంచికకి ఏదైనా రాయమని క్లబ్ వాళ్లు అడిగితే, ముందు వర్షం మీద ఏదో కవిత గిలుకుదాం అనుకున్నా. రాలేదు. ఇది వచ్చింది.

ముందు మా తమ్ముడి గురించి చెప్పాలి. వాడు ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా ఓ రోజు ముక్కు నుంచి రక్తం కారడం మొదలైంది. ఎండ వల్ల అనుకున్నాం. తర్వాత కాళ్ల మీద నల్లటి మచ్చలు. క్రికెట్ బాల్ తగిలి ఉంటుంది అనుకున్నాం. గుంటూరులో రక్తపరీక్ష చేయిస్తే ప్లేట్‌లెట్లు ఎనిమిది వేలు. మామూలుగా లక్షన్నర పైన ఉండాలి. హైదరాబాద్ పంపారు. అక్కడ ఎముక మూలుగ తీసి చూసి, ఎప్లాస్టిక్ ఎనీమియా అన్నారు. క్యాన్సర్ కాదు అనగానే అమ్మ దణ్ణం పెట్టుకుంది. కానీ అదేమీ చిన్న జబ్బు కాదు. రక్తకణాలన్నీ తయారయ్యేది మూలుగలో. తమ్ముడికి ఆ మూలుగ ఖాళీ అయిపోయింది. చాలామందిలో ఇది ఎలా జరుగుతుందంటే, ఒంటిని కాపాడాల్సిన టి కణాలే వెళ్లి మూలుగలోని మూలకణాలని చంపేస్తాయి. హాస్టల్ వాచ్‌మన్ దొంగల్ని వదిలేసి లోపలున్న స్టూడెంట్లని కొట్టినట్టు.

మొదటి మార్గం తోబుట్టువు మూలుగ ఎక్కించడం. అందుకు హెచ్‌ఎల్‌ఏ కలవాలి. ఉన్నది నేను ఒక్కదాన్నే. ఇద్దరిదీ ఓ పాజిటివే కదా, కలవకుండా ఎలా పోతుంది అని అందరి ధీమా. రెండు వారాలకి రిపోర్టు వచ్చింది. సగమే కలిసింది.

ఆ రోజు డాక్టర్ రెండు నిమిషాల్లో ఏదో చెప్పి పంపేశారు. ఎవరికీ సరిగ్గా అర్థం కాలేదు. ఇంటికొచ్చాక అమ్మ ఒకే మాట అంది. "ఒక కడుపున పుట్టినోళ్లే కదమ్మా, ఎందుకు కలవలేదు?" నన్ను తప్పు పట్టి అన్న మాట కాదది. దేవుణ్ణి అడిగినట్టు అడిగింది. కానీ ఎదురుగా ఉన్నది నేను. చుట్టాలైతే "అక్క రక్తం కలవలేదంట" అని ఫోన్లలో చెప్పుకున్నారు. ఏదో పరీక్షలో నేనే ఫెయిలయినట్టు ఉండేది. తర్వాత తమ్ముడికి గుర్రాల సీరం నుంచి తీసిన ఓ మందు ఎక్కించారు. ఆ దారితప్పిన టి కణాల్ని అణచడానికి. ఆరు నెలలు చూశారు, ఏడాది చూశారు. పెద్దగా మార్పు లేదు. వారం వారం ప్లేట్‌లెట్లు ఎక్కించుకుంటూ, మాస్కు పెట్టుకుని, యూట్యూబ్‌లో పాత మ్యాచ్‌లు చూస్తూ ఇంట్లో ఉండిపోయాడు.

నేను ఎలుకల ల్యాబ్ ఎంచుకున్నది దీనికోసం అని చెప్తే అబద్ధమే. స్టైపెండ్ ఇస్తామన్నారు, వెళ్లాను.

యానిమల్ హౌస్‌లోకి వెళ్లడమే ఓ పెద్ద తతంగం. చెప్పులు మార్చాలి, గౌను, టోపీ, మాస్కు, రెండు జతల గ్లవ్స్. గాలి జోరుగా కొట్టే చిన్న గదిలో నిలబడాలి. అదయ్యాక లోపలికి. అరల నిండా పారదర్శకమైన డబ్బాలు. ఒక్కో డబ్బాలో నాలుగైదు నల్ల ఎలుకలు. మనిళ్లల్లో బియ్యం బస్తా వెనక పరుగెత్తే రకం కాదు. అరచేతిలో పట్టేంత చిట్టెలుకలు. ప్రతి డబ్బాకీ ఓ కార్డు. తల్లి నంబరు, తండ్రి నంబరు, పుట్టిన తేదీ, ఎన్నో తరం. మనలో చాలామందికి ముత్తాత పేరు తెలీదు. వాటికి ముప్ఫై తరాలు రాసిపెట్టి ఉన్నాయి.

మా గైడ్ మేడమ్ మొదటి వారమంతా నన్ను ఎలుకల్ని ముట్టనివ్వలేదు. కార్డులు చదవమంది. ఈ నల్ల ఎలుకల్ని ల్యాబుల్లో 'బ్లాక్ సిక్స్' అంటారు. పూర్తి పేరు సి57 బ్లాక్ 6. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో గ్రాన్‌బీ అనే ఊళ్లో ఆబీ లాత్రోప్ అనే ఆవిడ ఉండేది. టీచరు ఉద్యోగం మానేశాక, సరదాకి పెంచుకునేవాళ్లకి ఎలుకల్ని పెంచి అమ్మేది. ఆమె ఫారం నుంచి వచ్చిన సంతతిలో 57వ నంబరు ఆడ ఎలుకతో 1921లో క్లారెన్స్ కుక్ లిటిల్ అనే శాస్త్రవేత్త ఈ వంశాన్ని మొదలుపెట్టాడు. 2002లో ఎలుక జన్యుక్రమం మొత్తం చదివి ప్రచురించినప్పుడు వాళ్లు చదివింది కూడా ఈ బ్లాక్ సిక్స్‌దే.

ఇలాంటి వంశం తయారు చెయ్యాలంటే అన్నాచెల్లెళ్లని కలపాలి. వాటి పిల్లల్లో మళ్లీ అన్నాచెల్లెళ్లని. అలా కనీసం 20 తరాలు. మేనరికాలకే నాలుగు మాటలనే మనకి వినడానికి ఎలాగో ఉంటుంది. కానీ 20 తరాలయ్యేసరికి ఆ వంశంలో ఎలుకలన్నీ దాదాపు అచ్చు గుద్దినట్టు ఒకటే జన్యువులతో ఉంటాయి. ఒకదాని చర్మం ఇంకోదానికి అతికిస్తే అతుక్కుంటుంది. వేరే వంశం ఎలుక చర్మం అతికిస్తే రెండు వారాల్లోపు ఎండి రాలిపోతుంది.

ఎందుకు రాలిపోతుంది? ఈ ప్రశ్న వెంట పడ్డవాళ్లే మా తమ్ముడి రిపోర్టు మీదున్న ఆ మూడక్షరాలకి దారి వేశారు. 1936లో లండన్‌లో పీటర్ గోరర్ ఎలుకల రక్తంలో ఓ గుర్తు కనిపెట్టాడు. అవతలి ఎలుక నుంచి తెచ్చి పెట్టిన కణితిని ఒళ్లు ఒప్పుకుంటుందా తోసేస్తుందా అన్నది దాన్నిబట్టి ఉంటోందని గమనించాడు. అమెరికాలో జాక్సన్ లేబొరేటరీలో జార్జ్ స్నెల్ దాని మీదే ఏళ్ల తరబడి కూర్చున్నాడు. మిగతా జన్యువులన్నీ ఒకేలా ఉండి, ఆ ఒక్క చోట మాత్రమే తేడా ఉండే ఎలుకల్ని తరం తర్వాత తరం పెంచి తయారు చేశాడు. ఆ చోటు పేరు హెచ్-2. ఎలుకల్లో 17వ క్రోమోజోము మీద ఉంటుంది. మనుషుల్లో దాని జోడీయే హెచ్‌ఎల్‌ఏ, 6వ క్రోమోజోము మీద. దాని మీద పనిచేసిన ఫ్రాన్స్ డాక్టర్ జాన్ దోసే, స్నెల్, బరూజ్ బెనసెరాఫ్, ముగ్గురికీ కలిపి 1980లో నోబెల్ ఇచ్చారు.

ఆ కథ చదువుతూ ఉండగా ఓ సాయంత్రం కాగితం మీద నాకు నేనే లెక్క వేసుకున్నా. హెచ్‌ఎల్‌ఏ జన్యువులు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి మామూలుగా విడిపోకుండా ఓ తాళాల గుత్తిలా కలిసే వస్తాయి. అమ్మ దగ్గర రెండు గుత్తులు, నాన్న దగ్గర రెండు. ఒక్కో బిడ్డకీ అమ్మ ఓ గుత్తి, నాన్న ఓ గుత్తి ఇస్తారు. ఏది ఇస్తారో వాళ్ల చేతుల్లో లేదు. ఇద్దరు పిల్లలకి రెండు గుత్తులూ ఒకటే రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం. ఒక్కటి కలవడానికి సగం. ఒక్కటీ కలవకపోవడానికి మళ్లీ నాలుగింట ఒక వంతు. పదో తరగతి లెక్క. సగం కలవడం అన్నది అన్నిటికంటే ఎక్కువగా జరిగేది, అన్నిటికంటే మామూలు సంగతి. ఒక కడుపున పుట్టడం వల్లే అలా జరిగింది. అమ్మ ప్రశ్నకి జవాబు అదే. అచ్చంగా కలవాలంటే 20 తరాల ఎలుకల్లా పుట్టి ఉండాలి.

అది ఏడాదిన్నర ముందే ఎవరైనా తీరిగ్గా చెప్పి ఉంటే బాగుండేది అనిపించింది. కార్డుల గది బయట మెట్ల మీద కాసేపు కూర్చుండిపోయా.

రెండో వారం నుంచి అసలు పని మొదలైంది. మేడమ్ దగ్గర ఓ ప్రత్యేకమైన వంశం ఉంది. బ్లాక్ సిక్స్‌లోనే, రోగనిరోధక వ్యవస్థకి సంబంధించిన ఓ జన్యువుని పనిచెయ్యకుండా చేసిన రకం. ఆ ప్రాజెక్టు అయిపోయింది. ఎలుకల్ని ఊరికే పెంచుతూ పోతే మేత, మనుషులు, చోటు అన్నీ ఖర్చే. పైగా తరాలు గడిచేకొద్దీ జన్యువుల్లో చిన్న చిన్న మార్పులు వచ్చి చేరతాయి. ఏదైనా రోగం తగిలితే మొత్తం పోతాయి. అందుకని ఆ వంశం వీర్యాన్ని గడ్డకట్టించి దాచి, బతికున్న ఎలుకల పెంపకం ఆపేస్తారు. ఎప్పుడు కావాలంటే అప్పుడు మళ్లీ పుట్టించుకోవచ్చు.

దాచుకోకపోతే ఏమవుతుందో మేడమ్ ఓ కథ చెప్పింది. 1947 అక్టోబర్‌లో జాక్సన్ లేబొరేటరీ ఉన్న బార్ హార్బర్ ఊరిని కార్చిచ్చు చుట్టుముట్టింది. ల్యాబ్ తగలబడింది. స్నెల్ ఏళ్ల తరబడి పెంచినవాటితో సహా వేల ఎలుకలు పోయాయి. కానీ ఆ వంశాల్ని అంతకుముందే చాలా ల్యాబులకి పంచిపెట్టి ఉన్నారు. వాళ్లంతా తమ దగ్గరున్న ఎలుకల్ని తిరిగి పంపించారు. వాటితో మళ్లీ మొదలుపెట్టారు. ఇచ్చుకున్నవి తిరిగొచ్చాయన్నమాట. "అప్పటికి గడ్డకట్టించడం రాదు. ఇవ్వడం ఒక్కటే దాచుకోవడం" అంది మేడమ్.

గడ్డకట్టించడం రావడానికి కూడా ఓ పొరపాటే కారణమట. 1940ల చివర్లో లండన్ మిల్ హిల్‌లో క్రిస్టఫర్ పోల్జ్, అతని తోటివాళ్లు కోడిపుంజు వీర్యాన్ని పండ్లచక్కెర కలిపి గడ్డకట్టించాలని చూశారు. కణాలు చచ్చిపోతూనే ఉన్నాయి. ఓసారి మాత్రం బతికాయి. ఎందుకా అని సీసాలో ఏముందో పరీక్ష చేయిస్తే అందులో చక్కెర లేదు, గ్లిసరాల్ ఉంది. లేబుళ్లు తారుమారయ్యాయి. 1949లో దాన్ని ప్రచురించారు. అక్కణ్ణుంచి ఎద్దుల వీర్యం, 1953లో గడ్డకట్టించిన మనిషి వీర్యంతో గర్భాలు. ఎలుక పిండాల్ని 1972లో విట్టింగ్‌హామ్, లీబో, మేజర్ అనే ముగ్గురు గడ్డకట్టించి, కరిగించి, పిల్లల్ని పుట్టించారు. ఎలుక వీర్యం మాత్రం 1990 దాకా లొంగలేదు. మనిషిది ఎప్పుడో లొంగితే, ఇన్ని ప్రయోగాలకి ఒళ్లప్పగించిన ఎలుకది అంత మొండికేసింది. చివరికి దానికి పనికొచ్చింది రాఫినోజ్ అనే చక్కెర, వెన్న తీసిన పాలపొడి. నిజంగానే పాలపొడి. నూటికి 18 పాళ్లు ఒకటి, 3 పాళ్లు రెండోది.

పని ఎలా ఉంటుందంటే, మగ ఎలుకని ముందు చంపాలి. ఇది దాటేసి రాయొచ్చు, కానీ రాయకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. ఎన్ని చంపాలి, ఎలా చంపాలి అన్నిటికీ ఎథిక్స్ కమిటీ అనుమతి ఉంటుంది. నొప్పి లేకుండా క్షణంలో చేస్తారు. అయినా మొదటిసారి నేను గోడ వైపు తిరిగాను. మేడమ్ ఏమీ అనలేదు. అయ్యాక మాత్రం "రేపట్నుంచి ఇటు తిరిగి నిలబడు. దానికి నువ్వు చేయగలిగింది అదొక్కటే" అంది.

తర్వాత వీర్యకణాలు దాచుకునే చిన్న నాళాన్ని తీసి, కోసి, కణాల్ని ఆ పాలపొడి ద్రావణంలోకి వదలాలి. మైక్రోస్కోపులో చూస్తే సంత రోజు బస్టాండులా ఉంటుంది. దాన్ని కొంచెం కొంచెంగా సన్నటి ప్లాస్టిక్ స్ట్రాల్లోకి లాగి, చివరలు మూసి, ద్రవ నైట్రోజన్ పైన ఆవిరిలో పది నిమిషాలు తేలనిచ్చి, అప్పుడు లోపల ముంచాలి. మైనస్ 196 డిగ్రీలు. అక్కడ కాలం ఆగిపోయినట్టే.

నా మొదటి బ్యాచ్ నేను పాడు చేశాను. స్ట్రాల్ని ఒక డబ్బా నుంచి ఇంకో డబ్బాలోకి మార్చేటప్పుడు లేబుల్ సరిచూద్దామని గాలిలో పట్టుకుని చదివాను. ఎన్ని సెకన్లో గుర్తులేదు. అంత సన్నటి స్ట్రా వేడెక్కడానికి ఎంతో సేపు పట్టదు. ఆ సంగతి నాకు తెలుసు కూడా. ఆ బ్యాచ్‌లో ఓ స్ట్రా కరిగించి, ఆడ ఎలుకల నుంచి తీసిన అండాలతో కలిపి, మర్నాడు పొద్దున చూశాం. ఫలదీకరణ జరిగితే ఒక్క కణం రెండుగా చీలి ఉంటుంది. అరవై ఒక్క అండాల్లో మూడే చీలాయి. మేడమ్ చేసిన బ్యాచ్‌లో సగానికి పైగా చీలాయి.

తిడుతుందనుకున్నా. "ఇంకో మగది ఉంది కాబట్టి సరిపోయింది" అని ఊరుకుంది. కాసేపయ్యాక తనే అంది. "ఫ్రీజ్ చేస్తే దాచినట్టు కాదమ్మా. కరిగించి చూసుకుంటేనే దాచినట్టు."

రెండోసారి నిలిచింది. అది తేలాక ఆ వంశం డబ్బాలన్నీ ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. ఆఖరి కార్డు మీద తేదీ వేసి ఫైల్లో పెట్టింది నేనే. ఇరవై రోజులు రోజూ చూసిన ఎలుకలు. ఇప్పుడు వేలి పొడవున్న స్ట్రాల్లో ఉన్నాయి. ఉన్నాయనాలో, ఉండబోతాయనాలో తెలీలేదు.

ఆ వారమే నాన్న ఫోన్ చేశాడు. తమ్ముడికి ఇక ఆగడం మంచిది కాదన్నారట. సగం కలిసినవాళ్ల మూలుగ కూడా ఇప్పుడు ఎక్కిస్తున్నారట. "నీదే తీసుకుంటారంట తల్లీ" అన్నాడు. ఆయన గొంతులో ఓ మొహమాటం. కూతుర్ని అప్పడిగినట్టు.

ఆ పద్ధతీ ముందు ఎలుకల్లో తేలిందే. మూలుగ ఎక్కించిన మూడో రోజూ నాలుగో రోజూ సైక్లోఫాస్ఫమైడ్ అనే మందు గట్టి మోతాదులో ఇస్తారు. అప్పటికి, కొత్త ఒంటిని శత్రువనుకుని ఎగబడ్డ టి కణాలు జోరుగా విభజన చెందుతూ ఉంటాయి. ఆ మందు విభజన చెందేవాటినే చంపుతుంది. నిదానంగా కూర్చున్న మూలకణాలు దాన్ని విరిచేసుకుని బతికిపోతాయి. బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ వైద్యులు దీన్ని మనుషులకి అలవాటులోకి తెచ్చారు. అలా సగం మ్యాచ్ కూడా పనికొచ్చేదైంది. నేను కూడా.

నాన్న ఆసుపత్రి కాగితాలు ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టాడు. ఒప్పుకున్నట్టు సంతకాలు చెయ్యాల్సిన పేజీలు. ఇంగ్లీషులో సన్నక్షరాలు. మూడో పేజీలో ఓ లైను దగ్గర ఆగాను. ఈ చికిత్స వల్ల సంతానం కలిగే శక్తి పోవచ్చు, కావాలంటే ముందే వీర్యం దాచుకోవచ్చు అని. పక్కన డబ్బాలో టిక్కు లేదు. ఫోన్ చేసి, ఇది డాక్టర్ చెప్పారా అని అడిగా. "ఏదో చెప్పారమ్మా, అన్నిటికీ సరే అన్నాం" అన్నాడు.

విభజన చెందేవాటినే చంపుతుంది. వీర్యకణాలు తయారయ్యే చోట ఎప్పుడూ విభజనే. తగ్గాక మళ్లీ మామూలు కావచ్చు, కాకపోవచ్చు. ఎవరికి ఎలా జరుగుతుందో ముందే చెప్పలేరు. అడ్మిషన్‌కి తొమ్మిది రోజులుంది.

ఆ శనివారం రైలెక్కి ఇంటికి వెళ్లాను. తెనాలి దగ్గర పల్లెటూరు మాది. దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూనే ఉన్నా. ల్యాబ్‌లో రోజుకి వందసార్లు మామూలుగా అనే మాట అది. ఇంగ్లీషులో 'స్పెర్మ్ కౌంట్' అని మేడమ్ ముందు, మగవాళ్ల ముందు నిలబడి గట్టిగా చదివేదాన్ని. కానీ మా ఇంట్లో, మా అమ్మతో, తమ్ముడి గురించి, తెలుగులో ఎలా అనాలి? బూతు కాని మాట, పాఠం కాని మాట ఏదీ నోట్లోకి రాలేదు.

ముందు అమ్మతో మొదలుపెట్టా. సగం వాక్యం దగ్గరే చెయ్యి అడ్డం పెట్టింది. "వాడు బతికి బట్టకడితే చాలమ్మా. ఇప్పుడు పిల్లలూ గిల్లలూ ఎందుకు? ఆడపిల్లవి, నీకెందుకీ మాటలు." కళ్లలో నీళ్లు. ఇంకేమనగలను. ఆ మాటలో తప్పు కూడా లేదు. కానీ వాడికి పద్దెనిమిదేళ్లు. బతకడం కోసమే కదా ఇదంతా. బతికాక ముప్ఫై ఏళ్లప్పుడు వాడు "అప్పుడు నీకు తెలుసు కదక్కా" అంటే నా దగ్గర జవాబు ఉండదు. ఓసారి స్ట్రా చేతిలో పట్టుకుని ఆలస్యం చేశాను. అక్కడ ఇంకో ఎలుక ఉంది. ఇక్కడ లేదు.

సాయంత్రం గొడ్ల చావిడి దగ్గరికి వెళ్లా. నాన్న గేదెలకి జనుము వేస్తున్నాడు. మాకు మూడు ముర్రా గేదెలు. ఏమీ తోచక "ఇది చూడి కట్టిందా నాన్నా?" అని అడిగా.

"మూడో నెల. పోయినసారి నిలవలేదు. ఈసారి గోపాలమిత్ర వచ్చి వేశాడు, నిలిచింది."

గోపాలమిత్ర. తెలియనివాళ్లకి చెప్పాలంటే, గేదె ఎదకొచ్చిందని కబురు చేస్తే బండి మీద వచ్చి సూది వేసి వెళ్లే అతను. బండికి ఓ వెండిరంగు క్యాను ఉంటుంది. మూత తీస్తే తెల్లటి పొగ. చిన్నప్పుడు నేనూ తమ్ముడూ ఆ పొగ కోసం పోటీపడి పరిగెత్తేవాళ్లం. అందులోంచి పట్టకారుతో సన్నటి స్ట్రా తీసి, గోరువెచ్చటి నీళ్లలో అర నిమిషం ఉంచి...

నేను ఇరవై రోజులుగా చేస్తున్న పని, నా చిన్నప్పట్నుంచీ మా చావిట్లో జరుగుతూనే ఉంది. ఎప్పుడూ కలిపి చూసుకోలేదు.

"నాన్నా, ఆ క్యానులో ఉండేది నైట్రోజన్. మా ల్యాబ్‌లోనూ అదే."

"అదేలే, పొగలొచ్చేది. దాంట్లో ఎన్నేళ్లున్నా చెడదంటాడుగా. ఆ దున్నపోతు చచ్చిపోయినా దూడలు పుడతాయంట."

"మనుషులది కూడా దాస్తారు నాన్నా." నేల చూస్తూ అన్నాను. "ఆసుపత్రి కాగితంలో ఉంది. తమ్ముడికి ఇచ్చే మందుతో... తర్వాత పిల్లలు పుట్టకపోవచ్చు. ముందే తీసి దాస్తే, రేపు పెళ్లయ్యాక..."

నాన్న చేతిలో జనుము అట్టాగే ఉంది. గేదె మెడ చాచి లాక్కుంది. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగాడు. "అది చెడకుండా దాచినట్టు ఎట్టా తెలుస్తుంది?"

నాకు ఏడుపొచ్చింది. మేడమ్ మాటే అది. "కొంచెం కరిగించి చూస్తారు నాన్నా. కదులుతున్నాయో లేదో చూసి చెప్తారు."

"అయితే సరే. దీనికింత సిగ్గెందుకే. గొడ్డుకి చేయిస్తన్నాం, బిడ్డకి చేయించమా." చేతులు దులుపుకున్నాడు. "నువ్వు ఇంట్లోకి పో. వాడితో నేను మాట్లాడతా."

చావిడి వెనక గోడ పక్కనే నిలబడి విన్నాను, ఒప్పుకుంటున్నా. నాన్న అంతా గేదెల మీదే చెప్పాడు. క్యాను, స్ట్రా, గోరువెచ్చటి నీళ్లు. తమ్ముడు మొదట నవ్వాడు. తర్వాత ఇద్దరూ నవ్వారు. తర్వాత ఏ చప్పుడూ లేదు. కాసేపటికి తమ్ముడి గొంతు వినిపించింది. "అంటే నేను పెళ్లి దాకా ఉంటాననే కదా నాన్నా అనుకుంటున్నారు." నాన్న ఏమన్నాడో వినపడలేదు.

రెండు రోజులకి హైదరాబాద్‌లో ఆ సెంటరుకి వెళ్లాం. మధ్యలో రెండు రోజులు వదిలి మళ్లీ ఒకసారి. నేను బయట కుర్చీలో కూర్చుని, కౌంటర్లో అమ్మాయిని కరిగించి చూశారా, ఎంత శాతం కదులుతున్నాయి అని అడుగుతుంటే ఆవిడ వింతగా చూసింది. తమ్ముడు బయటికొచ్చి, "నీ బ్లాక్ సిక్స్ కన్నా బెటరేనా అక్కా?" అన్నాడు. బెటరేరా అన్నాను. నిజంగానే బెటర్.

అడ్మిషన్ అయ్యాక మిగతాది గబగబా జరిగినట్టనిపిస్తుంది ఇప్పుడు తల్చుకుంటే. నాకు మత్తు ఇచ్చి నడుం కింది ఎముక నుంచి మూలుగ తీశారు. వారం రోజులు కూర్చోడం కష్టమైంది. నాలుగో సంవత్సరం మొదటి ఇంటర్నల్స్ పోయాయి, అటెండెన్స్‌కి కండోనేషన్ కట్టాను. వాడికి మూడో రోజూ నాలుగో రోజూ ఆ మందు పడింది. జుట్టు రాలింది, నోరంతా పుళ్లు. పంతొమ్మిదో రోజు రిపోర్టులో తెల్లకణాలు కొంచెం లేచాయి. నర్సు ఆ కాగితాన్ని గాజు తలుపుకి అడ్డంగా పట్టుకుని చూపించింది. అమ్మ నా వైపు చూసింది. "కలిసిందమ్మా" అంది.

ఇప్పటికి ఏడు నెలలైంది. ఇంకా మాత్రలు ఉన్నాయి. జ్వరమొస్తే ఇల్లంతా హడలిపోతాం. పూర్తిగా గట్టెక్కాం అని ఎవరూ అనడం లేదు, మేమూ అనుకోవడం లేదు. కానీ ప్లేట్‌లెట్లు ఎక్కించి మూడు నెలలు దాటింది. పోయిన నెల క్రోమోజోముల పరీక్ష చేశారు. వాడి రక్తకణాల్లో ఇప్పుడు రెండు ఎక్స్‌లు ఉన్నాయి. అంటే నావి. "నా రక్తం ఆడపిల్లదైపోయిందిరా" అని ఫ్రెండ్స్‌కి ఫోన్లు చేసి మరీ చెప్తున్నాడు. రక్తం నాదైనా, ఆ క్యానులో ఉన్నది మాత్రం అచ్చంగా వాడిదే.

మేడమ్‌కి ఇవన్నీ చెప్పలేదు. ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ కోసం వెళ్లినప్పుడు, మన వంశం స్ట్రాలు ఏ ట్యాంకులో ఉన్నాయి మేడమ్ అని మాత్రం అడిగాను. మూత తీసి చూపించింది. అదే తెల్ల పొగ.

మీలో ఎవరింట్లోనైనా ఇలాంటి కాగితం వస్తే మూడో పేజీ కూడా చదవండి. మాటలు దొరకవు అనిపిస్తే ఇంట్లో ఎవరో ఒకరి దగ్గర ఉండే ఉంటాయి, చావిట్లోనో, వంటింట్లోనో. ఇంతకంటే నీతి ఏమీ లేదు నా దగ్గర.

దాచినందుకు ఏడాదికోసారి ఆ సెంటరుకి డబ్బు కట్టాలి. మొన్న సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు బీరువాలో నా ఆధార్ జిరాక్స్ కోసం వెతుకుతుంటే ఆ రసీదు కనబడింది. నాన్న దాన్ని గేదెల ఇన్సూరెన్సు కాగితాల ఫైల్లో పెట్టాడు. పైన పెన్నుతో పెద్దక్షరాల్లో రాసుకున్నాడు: "అబ్బాయిది. జూన్‌లో కట్టాలి. మర్చిపోవద్దు."